మూడో పేరుకి చోటు

నెల్లూరు ఆటోనగర్లో నాకు తెలియని బోర్డు లేదు.
సగం నేను రాసినవి,
మిగతా సగం నేను చెరిపినవి.
పెంచలయ్య షెడ్డు బోర్డు మాత్రం
నాలుగుసార్లు రాశాను.

మొదటిసారి ఎర్రటి అక్షరాలు, పసుపు నీడ.
పెంచలయ్య త్రీవీలర్స్.
చాసిస్ నుంచి టాపు దాకా అన్నీ ఇక్కడే.
రేకు వంచితే వంకాయ తోలంత నున్నగా వచ్చేది ఆ రోజుల్లో.
కోవూరు నుంచి కావలి దాకా
చేపల బుట్టలు మోసే బండ్లన్నీ మనయే అనేవాడు,
'మన'లో నన్నూ కలుపుకొని.

తర్వాత పెద్ద కంపెనీ బండ్లు దిగాయి, వాయిదాల మీద.
పెంచలయ్య బండ్లు షెడ్డులోనే
గాలి దిగి మోకాళ్ల మీద కూర్చున్నాయి.
బ్యాంకువాళ్లు తలుపుకి కాగితం అంటించారు.
ఆ జిగురు నా రంగు కంటే గట్టిది.

రెండోసారి జిలానీ పేరు చేర్చాను.
ఎదురు షెడ్డులో బ్యాటరీల జిలానీ.
పదకొండేళ్లు ఒకరి గిరాకీని ఒకరు
చెయ్యి పట్టుకుని లాక్కున్నవాళ్లు.
"ఒకడికి బండి ఉంది, కదల్దు.
ఒకడికి కదిలించేది ఉంది, బండి లేదు"
అన్నాడు టీకొట్టు మాల్యాద్రి.
ఇద్దరూ నవ్వలేదు.
ఒక టీ రెండు గ్లాసుల్లో పోయించుకున్నారు, అంతే.

పొగ లేని బండి!
మొదటిరోజు చప్పుడు రాలేదని
పెంచలయ్య సీటు కింద తట్టి చూశాడు.
వెనక రేకు మీద ఆకు బొమ్మ వెయ్యమన్నాడు జిలానీ.
వేశాను, ఆకుకి ఇరవై రూపాయలు.

ఆ ఆకులు ఆరుతున్న రోజుల్లోనే
షెడ్డు వెనక పిల్లకాలువలోకి
పాత బ్యాటరీల యాసిడ్ పోతా ఉంది.
ఎవరూ దాచలేదు. ఎవరూ చూడనూ లేదు.
కాలువ కింద ఎకరంన్నర మడి కామాక్షమ్మది.
నాటిన వారానికే పైరు పసుపు తిరిగింది.

కేసు వేసింది. రెండేళ్లు తిరిగింది.
నాలుగు లక్షల చిల్లర కట్టమన్నారు.
పెంచలయ్య గల్లాపెట్టె తెరిచి చూపించాడు:
రబ్బరు బ్యాండ్లు, ఒక ఫ్యూజు.

"డబ్బు లేకపోతే వాటా రాయండబ్బయ్యా."
"బండ్ల గురించి నీకేం తెలుసమ్మా?"
"తెలవదు.
బండ్ల కిందనుంచి ఏం కారద్దో
నాకు తెలిసినట్టు మీకు తెలవదు."

మూడోసారి ఆమె పేరు అడుగున ఇరికించాను,
చోటు చాలక, చిన్న అక్షరాల్లో.
కామాక్షమ్మకి చదువు రాదు.
కానీ జానతో కొలిచి చూసింది.
నాలుగోసారి మూడు పేర్లూ ఒకే ఎత్తు.

ఇక శుక్రవారం వస్తే చాలు,
కాలువ మొగదల తెల్లగుడ్డ ముంచి
ఎండకి పట్టి చూసేది.
సిమెంటు తొట్టి కట్టించింది. సున్నం తెప్పించింది.
కొత్త బ్యాటరీ ఒకటి పోతే
పాతది ఒకటి వెనక్కి రావాలి, గోడ మీద బొగ్గుగీతల లెక్క.
ఆ ఏడు లాభం తగ్గింది.
జిలానీ రెండుసార్లు తాళం విసిరేసి పోయాడు,
రెండుసార్లూ మాల్యాద్రి కొట్టు దాకానే.

మరుసటేడు చెత్త మోసే బండ్లకి ఆర్డరొచ్చింది, ముప్పై.
పుణ్యం వల్ల కాదు, మా ధర తక్కువై.
అయినా బ్యాంకు కాగితం ఊడింది.
దాని మచ్చ తలుపు మీద ఇంకా ఉంది.
మడిలో ఈశాన్య మూల కూడా అట్నే ఉంది,
మూడు మంచాలంత మేర, గడ్డి కూడా మొలవదు.
కామాక్షమ్మ దాన్ని దున్నించదు.
ఉండనీ, అంటుంది.

పోయిన శుక్రవారం గుడ్డ ముంచి
వాసన చూసి
నా వైపు తిరిగింది.
"ఇది యాసిడ్ కాదు, ఆయిలూ కాదు."

నా బ్రష్షులు కడిగిన టర్పెంటైన్.
ముప్పై ఏళ్లుగా ప్రతి సాయంత్రం
పని అయిపోయిందని కులాసాగా కాలువలో వంచిన డబ్బా.
గుడ్డకి అంటింది ఆకుల పచ్చే.

"నువ్వు ఎవరి వాటా నాయనా?"

ఇప్పుడు మూత బిగించిన డబ్బాలో పోస్తున్నాను.
నిండిపోయింది.
సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని
రోజూ ఇంటికి తీసుకుపోయి
పొద్దున్నే మళ్లీ తెస్తున్నాను.